తాళం ఫ్లాపీ

ఆ రెండు కంప్యూటర్ సిస్టమ్‌ల పేర్లు నేను చెప్పను. చెబితే ఈ రోజుకీ ఎవరో ఒకరు వాదనకు దిగుతారు, నాకు ఆ ఓపిక పోయింది. ఒకటి లోకమంతా వాడేది. రెండోది నేను వాడింది. నాదే మంచిది. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇర్మె పోయాక ఇప్పుడూ అంటున్నాను. అంత మంచిదై ఉండీ అది ఆ పిల్ల ప్రాణానికి పనికి రాలేదు, దానికి కారణం నేను. ఇరవై ఏళ్లు దాటినా ఈ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నా పేరు భూషణం. మాది కోంటా దగ్గర మరైగూడ, వరి పండించే ఇల్లు. 1995 నుంచి దంతెవాడ వైపు బచేలిలో, ఊరికి ఒక చివర కొండకింద ఆసుపత్రి అని పిలిచే చోట కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేశాను. ముప్పై మంచాలు, ఇద్దరు డాక్టర్లు, రాయపూర్‌లో ట్రస్టు హెడ్డాఫీసు. ఇనుప ఖనిజం ఎత్తే కాంట్రాక్టు కూలీలు, కొండ అవతలి పల్లెలవాళ్లు మా దగ్గరికి వచ్చేవాళ్లు. లారీల ఎర్రదుమ్ము మా దుప్పట్ల మీద కూడా ఉండేది, ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు.

మాకు దుమ్ముకన్నా పెద్ద బాధ చెదలు. వానాకాలం వెళ్లాక అలమర తెరిస్తే రిజిస్టర్ల అట్టలు ఉండేవి, లోపల కాగితాలు ఉండేవి కావు. ఎవరో దాత ఒక కంప్యూటర్ ఇచ్చాడు. దానితోపాటు ఇరవై రెండు ఫ్లాపీల పెట్టె ఒకటి వచ్చింది, అదే నా సిస్టమ్. మూడు నెలలు కూర్చుని దాని లావుపాటి పుస్తకం చదివి, రోగుల వివరాలు పెట్టుకునే ప్రోగ్రాం నేనే రాశాను. కరెంటు ఎప్పుడు పోయినా చివరగా కొట్టిన అక్షరం దాకా అందులో ఉండేది. మూడేళ్లలో ఒక్కసారీ బిగుసుకుపోలేదు, ఒక్క పేరూ పోగొట్టలేదు.

వరండాకు అవతల గదిలో రామారావు ఉండేవాడు. కొత్తవలస మనిషి, మందుల స్టోరు చూసేవాడు. అతని కంప్యూటర్‌లో లోకమంతా వాడే సిస్టమ్. మధ్యాహ్న భోజనం లోపు అది ఒకసారైనా బిగుసుకుపోయేది. రామారావు ఏమాత్రం సిగ్గుపడకుండా దాన్ని ఆర్పి మళ్లీ వెలిగించి, ఆ వెలిగేలోపు టీకి బయల్దేరేవాడు. నేను వెంట వెళ్లి అతని ప్రాణం తినేవాణ్ణి.

"ఏందన్నా, మళ్ల పండుకుందా నీ మిషన్?"

"పండుకుంటాది, లేస్తాది. నీకేటి నొప్పి?"

"గంత చెత్త సరుకును పైసలిచ్చి కొంటున్నరంటే జనానికి తెలివి లేదన్నట్టే."

"నీది మంచిది కాదని నేనన్నానేటి?" అనేవాడు రామారావు, టీ గ్లాసు ఊదుకుంటూ. "మంచిదే. దంతెవాడలో కొట్టుకెల్లి అడుగు, నీదాని గురించి ఒక్క పుస్తకం దొరుకుద్దేమో. కొత్త ప్రింటర్ కొంటే నీదానికి తగులుకుంటాదా? నా మిషన్‌కి ఏదైనా అయితే పక్క వీధిలో కాలేజీ పిల్ల కూడా వచ్చి సరిచేస్తాది. నీదానికి ఏదైనా అయితే?"

"నాదానికి ఏం కాదు."

"నీకే ఏదైనా అయితే?"

"నాకేమైతది? గుండ్రాయి లెక్క ఉన్న."

"సెలవెడితేరా?"

"పెట్టను" అన్నాను. నిజంగానే రెండేళ్లుగా నేను సెలవు పెట్టలేదు. ఆ వాదనలో ఆ రోజు కూడా నేనే గెలిచాననుకుని టీ డబ్బులు అతని చేత ఇప్పించాను.

నా ప్రోగ్రాంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పేర్ల సంగతి. మా వైపు ఒక్క పల్లెలో నలుగురు జోగలు, ఐదుగురు హిడ్మేలు ఉంటారు. వయసు అడిగితే, చెరువుకు గండి పడ్డ ఏడు పుట్టిందంటారు. అందుకని పేరు పక్కన తండ్రి పేరు, పల్లెలో వాళ్లుండే పాడ పేరు, తల్లి పుట్టిల్లు గడులు పెట్టాను. వాటన్నిటి చివర 'పాత పేరు' అని ఒక గడి పెట్టాను. కొన్ని ఇళ్లల్లో పిల్లకు జబ్బు ఎంతకీ తగ్గకపోతే పెద్దవాళ్లు పేరు మార్చేస్తారు. రోగం పాత పేరుతో వెతుక్కుంటూ వచ్చి, అలాంటి పిల్ల లేదని తిరిగి వెళ్లిపోవాలని వాళ్ల నమ్మకం. ఆ తర్వాత పాత పేరు ఎవరూ నోట పలకరు. ఈ గడి పెట్టాలని ఏ పెద్ద కంపెనీకీ తోచదు, నాకు తోచింది అని చాలా గర్వంగా ఉండేది.

ఇర్మె అలా నా దగ్గరికి వచ్చిన పిల్లే. తండ్రి జోగది ఎర్రబోరు పక్క పల్లె. పొలం చాలక బచేలి వచ్చి, రైలు వ్యాగన్ల దగ్గర కూలి చేసేవాడు. మా వైపు వాడు, నా తెలుగు అతనికి, అతని దోర్లీ భాష నాకు బాగానే అర్థమయ్యేవి. ఇర్మెకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. నెత్తురులో కణాలు కొడవలిలా వంకర తిరిగే జబ్బు ఆ పిల్లకు. మూడు నాలుగు నెలలకోసారి కళ్లు పచ్చబడి, ఒళ్లు నొప్పులతో మెలికలు తిరుగుతూ వచ్చేది. రక్తం ఎక్కిస్తే రెండు రోజుల్లో లేచి నా గదికి నడిచొచ్చేది.

వచ్చి నా పక్క స్టూల్ మీద కూర్చునేది. ఫ్లాపీ తిరిగే చప్పుడు ఆమెకు ఇష్టం. "గుర్రు అంటది, కడుపుల పిల్లి ఉందా?" అని అడిగేది. తన పేరు చూపించమనేది. చదవడం రాదు, తెర మీద అక్షరాల కింద వేలు పెట్టి చివరిదాకా జరుపుతూ "ఇర్మె" అనుకునేది. నాకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఆ పిల్ల వచ్చిన రోజు నేను మధ్యాహ్నం టీకి కూడా వెళ్లేవాణ్ణి కాదు.

ఆ పిల్లది 'ఓ' గ్రూపు రక్తం. అయినా అందరి ఓ గ్రూపు రక్తమూ ఆమెకు పడేది కాదు. రెండుసార్లు రక్తం ఎక్కుతుండగానే వణుకు వచ్చి, మూత్రం నల్లగా అయింది. మా ల్యాబులో చేసే పరీక్షకు ఆ తేడా అందదు. అప్పుడున్న డాక్టరమ్మ పట్టు విడవకుండా ఇర్మె రక్తాన్నీ, ఊళ్లో పన్నెండు మంది దాతల రక్తాన్నీ మంచుపెట్టెలో పెట్టి రైల్లో విశాఖ పంపించింది. నెలకు జవాబు వచ్చింది. పన్నెండు మందిలో నలుగురిది మాత్రమే ఆ పిల్లకు సరిపడుతుందని, ఆ నలుగురి పేర్లూ రాశారు.

డాక్టరమ్మ ఆ ఉత్తరం నా బల్ల మీద పెట్టి, "భూషణం, ఇది ఈ పిల్ల ప్రాణం. జాగ్రత్త" అంది. అప్పటికప్పుడు నలుగురి పేర్లూ ఇర్మె పేరు కింద ఎక్కించాను. ఎవరి రక్తం ఎవరికి పోతుందో దాతలకు చెప్పకూడదని డాక్టరమ్మ నియమం, నేనూ చెప్పలేదు. రిజిస్టర్లో కూడా రాసిపెట్టమంటే, "రిజిస్టర్ చెదలకు మేడమ్, ఇది మనకు" అని నవ్వాను. రెండు చోట్ల రాయడం దండగని రక్తం రిజిస్టరు మాన్పించినవాణ్ణి నేనే. ఆ ఉత్తరాన్ని ఆ ఏడు చెదలు తినేశాయి, నా మాట నిజమైందని రామారావుకు ఆ ముక్కలు చూపించాను కూడా.

1998 మే నెలలో డాక్టరమ్మ ఉద్యోగం వదిలి సొంతూరు వెళ్లిపోయింది. జూన్ మొదట్లో రాయపూర్ నుంచి ఉత్తర్వు వచ్చింది. ట్రస్టు ఆసుపత్రులన్నీ లోకమంతా వాడే సిస్టమ్‌కే మారాలి, ప్రోగ్రాం వాళ్లే పంపుతారు, పని చూసేది రామారావు. కొత్త కంప్యూటర్ వచ్చింది. నా దగ్గరున్న పేర్లన్నీ ఒక జాబితాగా అచ్చు తీసి ఇమ్మంటే ఇచ్చాను. కొత్త ప్రోగ్రాంలో పేరుకు ఒకటే గడి. పాత పేరుకు చోటు లేదు. దాతల పేర్లకూ లేదు.

"చూసినవా? మనుషులను గోనెసంచిల కుక్కినట్టు కుక్కుతున్నరు" అని అరిచాను.

"రాయపూర్‌కి రాసినాను. తర్వాత పంపేదాంట్లో పెడతామన్నారు" అన్నాడు రామారావు. "అప్పటిదాకా నీదీ నడుపుదాం. నాకు నేర్పరా భూషణం. నిజంగా అడుగుతున్నాను."

"నీతోటి గాదు. నీకు ఆర్పి ఎలిగించుడే వచ్చు" అన్నాను.

అతని ముఖం చిన్నబోయింది. ఇప్పుడు దాచడమెందుకు, అది ఎగతాళి కాదు, భయం. అతనికి కూడా వస్తే ఇక నేనెందుకు అనిపిస్తుందని భయం. మంచి సరుకు అని ఊరంతా చాటుతూ దాన్ని ఇంకొకరి చేతికి అందనివ్వనివాణ్ణి నేను.

జూన్ చివర జోగ ఒక్కడే వచ్చాడు. గది గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"దాదా, పిల్ల పేరు మార్చినం. ఇగ దేవే."

"ఎవరు మార్చిండ్రు?"

"మా అవ్వ. పాతది మిషన్‌ల కొట్టెయ్. ఈడ ఉన్నా రోగం ఇంటదంటది అవ్వ."

"కొట్టెయ్య జోగా. కొట్టేస్తే పాత సంగతులన్ని పోతయ్. కొత్త పేరు మీద పెడత, పాతది ఎనకకు పోతది. మిషన్‌కు తెలుసు గానీ నోరు లేదు దానికి. పలకదు."

"నోరు లేనిదైతే మంచిదే" అని జోగ నవ్వాడు. అతని ఎదురుగానే దేవే అని కొట్టి, ఇర్మెను పాత పేరు గడిలోకి జరిపాను. అప్పటికే కొత్త కంప్యూటర్లోకి జాబితా వెళ్లిపోయింది. అందులో ఇర్మె ఇర్మెగానే ఉంది. దేవే ఎవరో నా యంత్రానికి తప్ప ఎవరికీ తెలియదు. రామారావుకు ఒక్క మాట చెబితే సరిపోయేది, కానీ ఆ వారం మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు.

జూలై రెండో వారంలో మేనేజరు పిలిచి, సోమవారం నుంచి చీటీలు కొత్త మిషన్ మీదే ఇవ్వాలన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా ఇంట్లో నాట్లు పడుతున్నాయి, రెండేళ్లుగా పెట్టని సెలవు ఇప్పుడే కావాలని అర్జీ రాసి అతని బల్ల మీద పెట్టాను. నా గదికి వచ్చి యంత్రంలోంచి తాళం ఫ్లాపీ తీశాను. ఆ ఫ్లాపీ పెట్టనిదే యంత్రం తెరుచుకోకుండా నేనే కట్టుదిట్టం చేసి పెట్టాను. పని అయ్యాక ఎప్పుడూ సొరుగులో పెట్టేవాణ్ణి. ఆ రోజు చొక్కా జేబులో వేసుకున్నాను.

నేను లేనప్పుడు పాతదంతా చెరిపేస్తారేమో, అందుకే తీసుకెళ్తున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాలుగు రోజులు తిప్పలు పడి, భూషణం ఎక్కడ, భూషణాన్ని పిలవండి అని వాళ్లు వెతుక్కోవాలి. నాకు కావలసింది అది.

మరైగూడలో వాన వదలకుండా కురిసింది. ఫ్లాపీకి చెమ్మ తగలకుండా బియ్యం డబ్బాలో గుచ్చిపెట్టాను. మా అమ్మ సారలమ్మ చూసి, "ఏందిరా అది, ఏమన్న మందా?" అని అడిగింది. "తాళం చెవి" అన్నాను. బుధవారం మడిలో వంగి నారు పెడుతుంటే రామారావు గుర్తొచ్చాడు. నా యంత్రం ముందు కూర్చుని చెమటలు కక్కుతుంటాడు అనుకున్నాను. నడుము నిటారు చేసి, ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. పక్కన నాటేవాళ్లు ఏమైందని అడిగారు. నేను నవ్విన వేళకు బచేలిలో ఏం జరుగుతోందో ఆ తర్వాత లెక్కవేసుకున్నాను. ఆ నవ్వు నన్ను ఇంకా వదల్లేదు.

ఎర్రబోరు దగ్గర వాగు రోడ్డు మీదికి వచ్చి రెండు రోజులు బస్సులు ఆగిపోయాయి. శుక్రవారం మధ్యాహ్నం దాటాక బచేలిలో దిగాను. ఆసుపత్రి వరండా మీద నర్సు వెంకమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. ఆమెది పాల్వంచ వైపు, గట్టి మనిషి, ఎప్పుడూ కళ్లనీళ్లు పెట్టుకోగా చూడలేదు.

"ఇప్పుడొచ్చినవా?" అంది. "ఇర్మె పోయింది."

జరిగింది ఆమె చెప్పింది. బుధవారం పొద్దున పది గంటలకు జోగ పిల్లను భుజాన వేసుకుని వచ్చాడు. జబ్బుతోపాటు జుట్టు కూడా పోవాలని గుండు కొట్టించారు, మనిషి సగమైంది. చీటీల దగ్గర రామారావు ఉన్నాడు, మందుల స్టోరు వదలని మనిషి, జోగను ఎరగడు. పేరు దేవే అన్నాడు జోగ. రామారావు కొత్త మిషన్‌లో వెతికితే, జోగ కూతురు దేవే అన్న పేరు లేదు. ఇంతకు ముందు వచ్చారా అని అడిగితే జోగ అటూ ఇటూ చూసి, "భూషణం దాదా మిషన్‌కు తెలుసు, దాన్నడుగుండ్రి" అన్నాడు. నా పేర్లన్నీ కొత్తదానిలోకి వచ్చేశాయి కదా అని రామారావు తన ముందున్న మిషన్‌నే మళ్లీ అడిగి, లేదని కొత్త చీటీ రాశాడు.

డాక్టరమ్మ స్థానంలో వచ్చిన కొత్త డాక్టరు అడిగాడట, పిల్లకు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అని. "లేదు సాహబ్, దేవేకు ఇదే పహలీబార్" అన్నాడు జోగ, ఇదే మొదటిసారని. అతను అబద్ధం చెప్పలేదు. జబ్బులన్నీ ఇర్మెవి, దేవేకు ఏ జబ్బూ లేదు. ఉందని ఒప్పుకుంటే పేరు మార్చిందంతా వృథా అయిపోతుంది. మిగతాది మిషన్ చెబుతుందని నమ్మాడు, అలా నమ్మమని చెప్పింది నేను. గ్రూపు చూసి, ల్యాబు పరీక్ష చేసి, సీసా ఎక్కించారు. గంటలో వణుకు మొదలైంది.

వెంకమ్మ రెండు గంటల డ్యూటీకి వచ్చి, మంచం మీది పిల్లను చూడగానే గుర్తుపట్టింది. "ఇది ఇర్మె! దీనికి అందరి నెత్తురు పడదు, ఎవరిది పడతదో భూషణం మిషన్‌ల ఉంది" అని అరిచింది. జోగ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడట, ఆ పేరు పలికిందని. రామారావు నా గదికి పరిగెత్తాడు. యంత్రం వెలిగించాడు. తాళం ఫ్లాపీ పెట్టమని తెర మీద ఒక్క వరుస వచ్చి అక్కడే నిలబడిపోయింది.

అప్పటి నుంచి సాయంత్రం దాకా అతను చేయని పని లేదు. సొరుగులన్నీ బల్ల మీద బోర్లించాడు. రాయపూర్‌కు ఫోన్ చేశాడు, దంతెవాడకు చేశాడు, కొత్తవలసలో తన మేనల్లుడికి చేశాడు. ఆ సిస్టమ్ తెలిసినవాడు ఒక్కడూ దొరకలేదు. విశాఖలో పాత ఉత్తరం నకలు వెతకాలంటే రేపటి దాకా పడుతుందన్నారు. పోలీసు వైర్‌లెస్‌లో కోంటాకు చెప్పించాడు, మరైగూడ దాకా మనిషి వెళ్లడానికి దారి లేదు. చివరికి నా యంత్రం విప్పి, లోపలి డిస్కు తీసి తన మిషన్‌లో పెట్టి చూశాడు. అతని సిస్టమ్‌కు నా డిస్కు ఒట్టి ఖాళీగా కనబడిందట.

"ఆయన చొక్కా చెయ్యి మడుచుకుని వార్డులకు కూడ వచ్చిండు" అంది వెంకమ్మ. "నాది ఓ గ్రూపే, తీసుకోండి, ఊరికే చూస్తా కూచుంటారేటి అని కొట్లాడిండు. డాక్టర్ వద్దన్నడు. ఎవరిది పడుతదో తెల్వకుండ ఇంకో సీసా ఎక్కిస్తే చేతులార చంపినట్టే అన్నడు. దీపాలు పెట్టే యాళకు పిల్ల పోయింది."

స్తంభం పట్టుకుని నిలబడితే, వరండా చివర గోడకు ఆనుకుని కూర్చున్న జోగ కనిపించాడు. నిన్నటి నుంచి నా కోసమే కూర్చున్నాడట. పిల్లను మట్టిచేసి నేరుగా ఇక్కడికే వచ్చాడు. నేను దగ్గరికి వెళితే తల ఎత్తాడు.

"దాదా, నువ్వు మిషన్‌కు చెప్పలేదా?"

"చెప్పిన జోగా. నీ ముంగలనే చెప్పిన గద."

"మరి?"

జేబులో చెయ్యి పెడితే ఫ్లాపీ తగిలింది. దానికి ఒకటో రెండో బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి. గదికి నడిచాను. జోగ నా వెనకే వచ్చి, ఎప్పటిలా గుమ్మం దగ్గర ఆగాడు.

రామారావు నా యంత్రం ముందే కూర్చుని ఉన్నాడు. డిస్కు తిరిగి లోపల పెట్టాడు, పైరేకుకు ఒక స్క్రూ తక్కువ ఉంది. గడ్డం పెరిగి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. అతను కుర్చీ వదిలి స్టూల్ మీదికి జరిగాడు. నేను కూర్చుని ఫ్లాపీ పెట్టాను. గుర్రుమని తిరిగింది. విప్పి, బిగించి, అంత హింస పెట్టినా ఏ తేడా లేకుండా తెరుచుకుంది. అంత మంచి సిస్టమ్ అది.

దేవే అని కొట్టాను. ఒక్క క్షణం పట్టలేదు. పేరు దేవే. తండ్రి జోగ. పాత పేరు ఇర్మె. దాని కింద ఎర్ర అక్షరాల్లో, ఈ నలుగురి రక్తం తప్ప ఎక్కించరాదు అని ఉంది. దాని కింద నలుగురి పేర్లు.

మొదటి పేరు రామారావు, మందుల స్టోరు.

నాకు ఆ సంగతి తెలుసు. మూడేళ్లలో ఎన్ని వందల పేర్లు కొట్టానో, వాటిలో అదీ ఒకటిగా ఎక్కించి మరిచిపోయాను. వెంకమ్మ చొక్కా చెయ్యి మాట చెప్పినప్పుడు కూడా గుర్తు రాలేదు. తెర ఆర్పేయబోయాను. అప్పటికే అతను చదివేశాడు. ఇంకోసారి చదివాడు, పెదవులు కదిలాయి.

"నాదేనా?" అన్నాడు. "మొన్న సంకురాత్రి ముందు క్యాంపులో ఇచ్చింది... ఈ పిల్లకేనా?"

తల ఊపాను.

"ఇక్కడే కూచున్నాను కదరా. నా నెత్తురు ఒంట్లో పెట్టుకుని, ఎవడిదో పేరు కోసం పొద్దుగుంకేదాకా ఇక్కడే కూచున్నాను కదరా." అతను నన్ను కొట్టలేదు. తన చేతిని మోచేతి దగ్గర పట్టుకుని ముందుకు వంగిపోయి, పెద్దగా ఏడ్చాడు. నేను ఏడవలేకపోయాను. నాకు ఆ హక్కు లేదనిపించింది.

గుమ్మం దగ్గర నుంచి జోగ అడిగాడు. "ఏం చెప్పింది దాదా మిషన్?"

అంతా చెప్పాను. మిషన్‌కు రెండు పేర్లూ తెలుసని, తాళం నా జేబులో ఉండిపోయిందని, కోపంతో తీసుకుపోయానని. మాటలు అతనికి సరిగా అర్థం కావాలని దోర్లీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాను. జోగ తెర వైపు చూశాడు. రామారావు కూర్చున్న స్టూల్ వైపు చూశాడు.

"రెండు పేర్లు ఆడనే ఉన్నయా?"

"ఉన్నయ్."

"కొట్టెయ్ దాదా. పేరు ఈడ ఉంటే పిల్ల ఈడనే కూసుంటది, ఆ స్టూల్ మీద. దానికి పానమైన జాగ ఇది. పోనియ్."

రామారావు ఆ మాట విని స్టూల్ మీద నుంచి లేచి నిలబడ్డాడు. నేను చెరిపే మీట నొక్కాను. నిజంగా చెరపమంటారా అని యంత్రం అడిగింది. ఏదీ పొరపాటున పోకూడదని, రెండుసార్లు అడిగేలా దాన్ని రాసింది నేనే. అవును అన్నాను. ఇంకోసారి అడిగింది. అక్షరాల కింద వేలు పెట్టి, చివరిదాకా జరిపి, మనసులోనే ఇర్మె అనుకుని మీట నొక్కాను.

మూడేళ్లలో ఆ యంత్రంలోంచి పోయిన పేరు అదొక్కటే. జోగ స్టూల్ దగ్గరికి వచ్చి, దాన్ని తువ్వాలుతో ఒకసారి తుడిచి, వెళ్లిపోయాడు.